మరచెంబు మూతతో పోయిన మార్కులు

ఒక మనిషి ఎనిమిది నెలలు చెమటోడ్చి నిలబెట్టినదాన్ని ఇరవై నిమిషాల్లో కూల్చెయ్యడం ఎలాగో తెలుసుకోవాలనుందా? అయితే సరైన మనిషి దగ్గరికే వచ్చారు. సుత్తి అక్కర్లేదు, గునపం అక్కర్లేదు, ఉత్తి నోరు చాలు. తొంభై ఎనిమిదిలో, బెజవాడ నడిబొడ్డున, పట్టపగలు, నిండు షామియానా కింద ఆ ఘనకార్యం చేసింది నేనే. పైగా చేస్తున్నంతసేపూ సాయం చేస్తున్నాననే అనుకున్నాను చూడండీ, అదీ నా తెలివి! మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. ఇన్నేళ్ళకి నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం భూమి రెండుగా చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. మా ఊరు కూచిపూడికి కూతవేటు దూరం. అందుకేనేమో, మాట్లాడితే నోటితోపాటు చేతులూ కళ్ళూ కనుబొమలూ కూడా పనిచేస్తాయి. పరీక్షల ముందు పిల్లలకి నేను చెప్పే నీతి ఒక్కటే: "అడిగినదానికే రాయండే! తెలుసు కదా అని ఉన్నదంతా కక్కేస్తే మార్కులు పెరగవు, ఉన్నవి కూడా పోతాయి." ఏడాదికి నాలుగు వందలమంది పిల్లలకి ఈ మాట చెప్పేదాన్ని. నాకు చెప్పేవాళ్ళే లేకపోయారు.

ఇక బండి సంగతి. మా తాతయ్య డాక్టరు. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయన ల్యాండ్‌మాస్టర్ కారులో తిరిగి వైద్యం చేసేవారు. ల్యాండ్‌మాస్టర్ అంటే అంబాసిడర్ కంటే ముందొచ్చిన మోడల్, దానికి అన్నగారన్నమాట. తాతయ్య పోయాక బండి పశువులపాకలో ఇరవయ్యేళ్ళు పడుంది. ముందు సీటు ఎలకలు తిన్నాయి. వెనక సీట్లో నానమ్మ కోళ్ళని పొదగేసేది. చివరికి నాన్న పాత ఇనప సామానువాడికి కబురుపెడితే నేను తలుపుకి అడ్డంగా నిలబడి గొడవచేసి, దాన్ని లారీ మీదకెక్కించి బెజవాడ ఆటోనగర్ తీసుకొచ్చాను. అక్కడ ఆరు షెడ్లవాళ్ళు చూసి నవ్వారు. ఏడో షెడ్డు మస్తాన్‌గారిది. ఆయన నవ్వలేదు.

మస్తాన్‌గారికి అప్పుడు యాభై దాటుంటాయి. సన్నటి మనిషి, తెల్ల టోపీ, దారం కట్టిన కళ్ళజోడు. నేను వంద మాటలంటే ఆయన ఒకటి అంటారు. ఆ రోజు బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, డోరు మీద చెయ్యేసి నిమిరి, "పార్టులు దొరకవు అమ్మాయిగారూ," అన్నారు.

"మరెట్లాగండీ?"

"దొరక్కపోతే చేసుకోవాలండీ."

అంతే. అదే ఒప్పందం. ఎనిమిది నెలలు ఆయన చేసుకుంటూ కూర్చున్నారు. నేను రోజూ కాలేజీ అవగానే వెళ్ళి షెడ్డులో స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. చూస్తూ, అని ఊరికే అన్నాను. మాట్లాడుతూ ఉండేదాన్ని. అలా ఉండగా ఒక సాయంత్రం తెలిసింది, ఆయన షెడ్డు ఎత్తేసే ఆలోచనలో ఉన్నారని. కొత్త కార్లొచ్చాయి, వాటిని కొన్నచోటే బాగుచేస్తున్నారు. సుత్తీ ఆకురాయీ పట్టుకుని పార్టు తయారుచేసేవాడితో ఎవరికి పని? గుంటూరులో ఆయన బామ్మర్దికి బట్టల కొట్టుంది. వచ్చి కౌంటర్లో కూర్చో బావా అని ఏడాదినుంచీ పిలుస్తున్నాడట.

"బక్రీదు దాకా చూస్తానండీ," అన్నారు మస్తాన్‌గారు. "ఈలోపు నాలుగు పాతబండ్లు పనికొస్తే ఉంటాను. రాకపోతే పోతాను."

ఇత్తడి రేకుని తడితే దానికేం కావాలో తెలిసిపోయే ఆ చేతులు రేపట్నుంచి జాకెట్టు గుడ్డలు కొలవాలా! సరిగ్గా ఆ వారమే పేపర్లో పడింది, ఫిబ్రవరిలో బెజవాడలో పాతకార్ల పోటీ పెడుతున్నారని. నేను ఎగిరి గంతేశాను. "కప్పు మనదే మస్తాన్‌గారూ! కప్పొస్తే ఏలూరునుంచీ రాజమండ్రినుంచీ పాతబండ్లన్నీ మీ షెడ్డు ముందు వరస కట్టకపోతే నన్నడగండి!"

ఆ రోజునుంచి ఆయన షెడ్డు ఒక గంట ముందే తెరవడం మొదలుపెట్టారు. ఆశపడ్డారన్నమాట. ఆశపెట్టింది నేను. ఇది మీరు మరిచిపోకండి.

పోటీలో రెండు తరగతులున్నాయి. మొదటిది, పాతబండిని ఉన్నదున్నట్టు నిలబెట్టినవాళ్ళది. కంపెనీ గేటు దాటిననాడు బండి ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలి. కంపెనీది కాని భాగం కనపడిందా, ఒక్కోదానికి అయిదు మార్కులు కోత. రెండోది, బండిని తమ ఇష్టప్రకారం మార్చుకున్నవాళ్ళది. అక్కడ ఎంత సొంత పని ఉంటే, అది ఎంత నేర్పుగా ఉంటే, అన్ని మార్కులు. అంటే ఒక షామియానాలో మారిస్తే తప్పు, పక్క షామియానాలో మార్చకపోతే తప్పు. మేము మొదటిదానికి పేరిచ్చాం.

పోటీరోజు పొద్దున్నే మస్తాన్‌గారు నన్ను పక్కకి పిలిచారు. "అమ్మాయిగారూ, వాళ్ళు పార్టుని చూసి మార్కులేస్తారు. అది ఎక్కడ పుట్టిందో అడగరు. అడిగితే అబద్ధం చెప్పొద్దు. అడక్కపోతే నోరు తెరవద్దు."

"నేనేమన్నా చిన్నపిల్లనా మస్తాన్‌గారూ?"

"చిన్నపిల్లలైతే చెప్పిన మాట వింటారండీ."

మొదటి షామియానా జడ్జిగారు మద్రాసులో స్థిరపడ్డ తెలుగాయన. డెబ్భై ఏళ్ళుంటాయి, తెల్లటి జుట్టు, జేబులో భూతద్దం, చేతిలో అట్టకి బిగించిన కాగితం. మా ముందున్న రాజమండ్రి బండి దగ్గర ఆయన ఏమడిగినా, దాని ఓనరు "ఊఁ" అన్నాడు. ఇంజను పాతదేనా? ఊఁ. రంగు మొదటిదేనా? ఊఁ. మనిషికి పంటినొప్పేమో పాపం అనుకున్నాను. నోరుండి మాట్లాడుకోలేని జన్మ ఎందుకని జాలికూడా పడ్డాను.

మా బండి దగ్గరికొచ్చేసరికి జడ్జిగారి మొహం విచ్చుకుంది. ముందొకసారి, వెనకొకసారి, వంగొకసారి, కూర్చునొకసారి చూశారు. కాగితం మీద ఏదో అంకె వేసి చుట్టూ సున్నా చుట్టారు. మస్తాన్‌గారి పెదాలు మెల్లగా కదులుతున్నాయి, దువా చేసుకుంటున్నారు. నేను రెండు చేతులూ కట్టుకుని, నాలుకని పళ్ళ మధ్య బిగించి నిలబడ్డాను. ఇంకొక్క నిమిషం గడిస్తే ఆయన పక్కబండికి వెళ్ళిపోయేవారు. ఆ ఒక్క నిమిషమూ గడవలేదండీ!

జడ్జిగారు వెనక లైటు చట్రం మీద వేలుతో రాసి, తన్మయంగా తలూపి అన్నారు: "ఆహా! కంపెనీ పనంటే ఇదమ్మా! ఈ రోజుల్లో ఇలాంటి పని ఎవడు చేయగలడు, చెప్పు?"

విన్నారా? చెప్పు, అన్నారు. అడిగారు! అడిగితే అబద్ధం చెప్పొద్దన్నారు కదా మస్తాన్‌గారు! అది ఊరికే మురిసిపోతూ అన్న మాటేనని, జవాబు కోసం కాదని తెలియని వయసు కాదు నాది. తెలుసు. కానీ ఎనిమిది నెలలు ఈయన వేళ్ళు కాయలుకాస్తే మెప్పు కంపెనీకి పోతుందా? అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎందుకు చేయలేరండీ? ఇదిగో, ఈయన చేశారు!"

పక్కనే మస్తాన్‌గారికి దగ్గొచ్చింది.

"ఏమిటీ?" అన్నారు జడ్జిగారు.

"అవునండీ! అది కంపెనీదేం కాదు. ఇత్తడి రేకుని సుత్తితో కొట్టి వంచి, లేతు మిషను మీద తీసి, నికెల్ పూత వేయించారు. పదకొండు రోజులు పట్టింది!"

జడ్జిగారు భూతద్దం తీసి చూశారు. మళ్ళీ చూశారు. కాగితం మీద ఏదో రాశారు. రాస్తున్నారు! నాకు ఊపొచ్చింది. పిల్లలు జవాబు చెబుతుంటే నేను తలాడిస్తే వాళ్ళకెంత ఊపొస్తుందో, అంత.

"ఇంజను ముందుండే జాలీ చూడండి! ఆ పట్టీలన్నీ పాత స్టీలు బీరువా తలుపు కోసి చేసినవండీ!"

"అమ్మాయిగారూ," అన్నారు మస్తాన్‌గారు, "దాహమేస్తుందేమో."

"లేదండీ."

"ఏస్తదండీ. పోయి తాగిరండి."

"తర్వాత తాగుతాలెండి. సార్, డోరు హ్యాండిలు పట్టుకోండి ఒకసారి. ఎట్లా ఉంది? నాలుగూ ఈయన పోతపోసినవే! ఇది అద్దం తిప్పే పిడి. దీని గుండు మా తాతయ్య చేతికర్రది! గడియారం చుట్టూ ఉన్న రింగు మా ఇంట్లో పగిలిపోయిన టైంపీసుది!"

జడ్జిగారు రాస్తూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి, "అమ్మా, నేను అడగలేదు కదా..." అని ఏదో చెప్పబోయారు. మహానుభావుడు నన్ను కాపాడాలనే చూశారండీ, ఇప్పుడు తెలుస్తోంది. నేను ఊరుకుంటానా? "మీరు అడక్కపోయినా చెప్పడం నా ధర్మమండీ!" అన్నాను. మస్తాన్‌గారు నా కాలు తొక్కారు. నేను కాలు తీసి పక్కన పెట్టుకుని చెప్పడం సాగించాను. హారన్ రింగు, బంపర్ మూలలు, డ్యాష్‌బోర్డు బొత్తాలు, అన్నీ అప్పజెప్పాను. వాటిలో మా ఇంటి వస్తువుతో చేసినదేదైనా ఉంటే దాని వంశచరిత్ర కూడా చెప్పాను.

జడ్జిగారు ఆఖరి ఆశతో బండి పక్కకి వెళ్ళి పెట్రోలు మూత మీద చెయ్యేశారు. "ఇది మాత్రం... ఇది కంపెనీదే అయ్యుండాలి. ఈ మర ఇంత బిగువుగా..."

"మా నానమ్మ మరచెంబు మూతండీ!"

జడ్జిగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"కాశీ వెళ్ళినప్పుడు నీళ్ళు పట్టుకెళ్ళిన మరచెంబు! మస్తాన్‌గారు చూడగానే పట్టేశారు, మర సరిగ్గా సరిపోతుందని. చుక్క కారదండీ! కావాలంటే తలకిందులు చేసి చూడండి!"

"బండినా?" అన్నారు జడ్జిగారు నీరసంగా.

మస్తాన్‌గారు బంపర్ మీద కూర్చుండిపోయి తల పట్టుకున్నారు. అప్పుడు నేను తొంగి కాగితం చూశాను. పైన తొంభై ఆరు అని వేసి, చుట్టూ అందంగా సున్నా చుట్టి ఉంది. దాని మీద అడ్డంగా గీత. కింద వరసగా పదిహేడు భాగాల పేర్లు, ఒక్కోదాని పక్కన మైనస్ అయిదు. అన్నిటికన్నా అడుగున, పదకొండు.

నేను లెక్కల్లో ఎప్పుడూ తడబడను. ఆ రోజు మాత్రం మూడుసార్లు కూడి తీసివేశాను. మూడుసార్లూ పదకొండే వచ్చింది.

"నేను తొంభై ఆరు వేసి వెళ్ళిపోయేవాణ్ణమ్మా," అన్నారు జడ్జిగారు, నిజంగా బాధపడుతూ. "తెలిశాక తెలియనట్టు ఉండలేను కదా. రూలు రూలే." సిరాతో వేసిన అంకెని ఎందుకు కొట్టేశారో కమిటీకి సంజాయిషీ చెప్పుకోవాలి కాబట్టి, అడుగున రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి, నకలు నా చేతికిచ్చారు. తర్వాత మస్తాన్‌గారి భుజం తట్టి, "ఇంత చేతిపని ఉన్న బండిని ఆ రెండో తరగతికి మార్చండి. అక్కడైతే దీనికి విలువుంటుంది. కమిటీకి నేను చెబుతాను," అన్నారు.

ఆ మాటతో మస్తాన్‌గారి మొహంలోకి మళ్ళీ నెత్తురొచ్చింది. ఇద్దరం కలిసి బండిని పక్క షామియానాకి తీసుకెళ్ళాం. అక్కడ ఒక్కో బండీ ఒక్కో వింత. తెనాలినుంచి వచ్చిన ఒక జీపుకి పన్నెండు హారన్లున్నాయి. మనం మాట్లాడుకోవాలంటే అది ఊపిరి పీల్చుకునేదాకా ఆగాలి. ఈలోగా మధ్యాహ్నమైంది. మస్తాన్‌గారు చేతులు కడుక్కుని టోపీ సర్దుకుంటూ, "నమాజు చేసుకొని పావుగంటలో వస్తాను. జడ్జిగారు రావడానికి ఇంకా టైముందంట. అమ్మాయిగారూ, దండం పెడతాను, ఈలోపు ఎవరితోనూ మాట్లాడకండి," అన్నారు.

నన్ను చూసి ఒక పెద్దమనిషి దండం పెడతాననడం అదే మొదలు. తల కొట్టేసినట్టయింది. చచ్చినా మాట్లాడకూడదనుకున్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేక గేటు దగ్గర జీళ్ళ పొట్లం కొని, నాలుగు జీళ్ళు ఒకేసారి నోట్లో పడేశాను. జీళ్ళు తిన్నవాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు. పై పళ్ళూ కింది పళ్ళూ అన్నదమ్ముల్లా కలిసిపోయాయి.

సరిగ్గా అప్పుడే రెండో జడ్జి వచ్చాడు. చెప్పిన టైముకంటే అరగంట ముందు! కుర్రవాడు, బెంగుళూరు, చేతిలో టార్చిలైటు. పొద్దుటి జడ్జిగారి కబురు కమిటీ దాకా వెళ్ళింది కానీ ఇతని దాకా రాలేదు.

"మేడం, ఈ బండిలో ఏమేం మార్చారో చెబుతారా?"

నేను చేతులు తిప్పాను. భుజాలు ఎగరేశాను.

"మేడం? ఏం మార్చారు?"

"ఊఁ," అన్నాను.

నిజం చెప్పేస్తాను. జీళ్ళు వేలుపెట్టి ఊడదీయొచ్చు. చేతిరుమాలు కూడా ఉంది. ఊడదీయలేదు. పొద్దున నోరు తెరిచి ఆయన్ని ముంచాను, ఇప్పుడు నోరు మూసి ఒడ్డున పడేస్తాననుకున్నాను. పైగా ఆ రాజమండ్రాయన ఊఁ అనే కదా నెట్టుకొచ్చాడు! రెండు షామియానాలకీ రూలు వేరని, ఇక్కడ మార్చినవాటికే మార్కులని, రెండు గంటల కిందట విన్న మాట నా బుర్రలోంచి ఎగిరిపోయింది.

"సరే, నేనే చూసుకుంటాను," అని ఆ అబ్బాయి బండి కింద దూరాడు. బానెట్ ఎత్తాడు. టార్చి వేసి ప్రతి మూలా గాలించాడు. పెట్రోలు మూత తిప్పాడు, బిగించాడు, మళ్ళీ తిప్పాడు. పావుగంట తర్వాత నుదుటన మసితో బయటికొచ్చి నావైపు కోపంగా చూశాడు.

"మేడం, నాతో వేళాకోళాలా? ఇందులో ఒక్క మార్పు లేదు! స్క్రూ దగ్గర్నుంచీ అన్నీ కంపెనీవే. దీన్ని ఈ తరగతిలో ఎందుకు పెట్టారు?"

"ఊఁ," అన్నాను, ఈసారి ఏడుపు గొంతుతో.

అతను కాగితం మీద గుండుసున్నా వేసి, కారణం రాసి, సంతకం చేసి, నకలు నా చేతిలో పెట్టి, జీపువైపు వెళ్ళిపోయాడు. అది పన్నెండు హారన్లతో అతనికి స్వాగతం పలికింది.

మస్తాన్‌గారు వచ్చారు. "జడ్జిగారు రాలేదు కదా?"

వచ్చాడని తలూపాను.

"అయ్యో! చెప్పారా, అన్నీ?"

లేదని తలూపాను.

"ఏమీ చెప్పలేదా?"

జీళ్ళు ఊడబెరికి, "మీరేగా ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు!" అన్నాను.

"జడ్జిగారితో కూడానా అమ్మాయిగారూ!"

ఎనిమిది నెలల్లో ఆయన గొంతు పెంచడం అదొక్కసారే. ఇద్దరం ఆ జడ్జి వెనక పరుగెత్తాం. హారన్ల మోతలో మా మాట అతనికి వినపడలేదు. వినపడ్డాక, రాసింది మార్చనన్నాడు. సాయంత్రం కప్పులిచ్చారు. మొదటి తరగతి కప్పు రాజమండ్రాయనకి వచ్చింది. మైకులో అభినందనలు చెబితే ఊఁ అన్నాడు. రెండోది జీపుకిచ్చారు.

ఆటోనగర్ దాకా బండి మస్తాన్‌గారే నడిపారు. తిట్టి ఉంటే ప్రాణానికి హాయిగా ఉండేది. బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు, రోడ్డువైపే చూస్తూ, "బట్టల కొట్లో నీడపట్టున కూర్చోవచ్చులెండి. ఎండ ఉండదు," అన్నారు. నన్ను ఓదార్చడానికన్నారు. నాకు దుఃఖం ఆగలేదు. ఇల్లు చేరేదాకా కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, క్షమాపణ చెప్పుకోవడానికి షెడ్డుకి వెళ్ళాను. ఆయన పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుతున్నారు. ఏం మాట్లాడాలో తెలియక, తెలియకపోవడం నా జన్మలో అదే మొదలు, చేతిలో ఉన్న రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను.

"ఏం రాశారండీ వాటిలో?" అన్నారు ఆయన. ఇంగ్లీషు ఆయనకి రాదు.

"మీకెందుకండీ ఆ బాధ."

"పర్లేదు, చదవండి."

మొదటిది చదివి తెలుగులో చెప్పాను. "ఈ బండిలో కింది పదిహేడు భాగాలు కంపెనీవి కావు, చేత్తో చేసినవి. యజమానురాలు తనంతట తాను చెప్పేదాకా ఆ సంగతి నేను కనిపెట్టలేకపోయాను."

"రెండోది?"

"బండిని పైనా కిందా పూర్తిగా పరీక్షించాను. ఒక్క మార్పు కూడా లేదు. అన్నీ కంపెనీ భాగాలే."

మస్తాన్‌గారి చేతిలో స్పానర్ ఆగింది. "మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాను.

"రెండూ మన బండికేనా?"

"మన బండికేనండీ."

"ఒకే రోజు?"

"ఒకే రోజు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీసి, ఈసారి కళ్ళు తుడుచుకున్నారు. "అమ్మాయిగారూ, పాతికేళ్ళనుంచీ చేస్తున్నాను ఈ పని. నీ చెయ్యి బాగుంది మస్తానూ అని కాగితం మీద రాసిచ్చినవాడు ఒక్కడు లేడు. మీరు ఒక్కరోజులో రెండు రాయించారు." తర్వాత నవ్వారు చూడండీ! ఆ మనిషికి అంత నవ్వుందని నాకు తెలియదు. పక్క షెడ్లవాళ్ళు పని ఆపి వచ్చేశారు. వాళ్ళకీ రెండు కాగితాలూ చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. అడిగినదానికి జవాబు చెప్పి మెప్పు పొందడం ఆ రెండు రోజుల్లో నాకు అదొక్కసారే దక్కింది.

సాయంత్రానికల్లా రెండు కాగితాలూ ఫ్రేములెక్కి, షెడ్డు ముందు పక్కపక్కనే వేలాడాయి. ఒకదాని మీద "మస్తాన్ చేసినవి" అని, రెండోదాని మీద "కంపెనీవి అనుకున్నవి" అని తెలుగులో నేనే రాశాను. అవే భాగాలు, అదే బండి. చదివినవాళ్ళు ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసి, లోపలికి రాకుండా వెళ్ళేవాళ్ళు కారు. నెల తిరక్కుండా ఏలూరునుంచి ఒక బండి వచ్చింది. తర్వాత బందరునుంచి ఒకటి. మూడోది తణుకునుంచి. నాలుగోదాని సంగతి మాట్లాడుకోవడానికి వచ్చిన మనిషి చుట్టూ ఒకసారి చూసుకుని, మస్తాన్‌గారి చెవి దగ్గరికి వంగి, పూర్తి తెలుగు వాక్యంలో మాట్లాడాడు: "మా బండికి నాలుగు పార్టులు చెయ్యాలండీ. ఆ అమ్మాయిగారు లేని రోజు చెబితే తెస్తాను." రాజమండ్రాయన! నేను పక్క బండి బానెట్ వెనకే ఉన్నాను. లేచి నిలబడి, "ఊఁ," అన్నాను.

బక్రీదు వచ్చింది, వెళ్ళింది. బావగారిని తీసుకెళదామని గుంటూరునుంచి వచ్చిన బామ్మర్ది, షెడ్డులో బండ్ల మధ్య దారి లేక బయటే నిలబడి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఈ సంగతి రాస్తున్నప్పటికి కూడా ఆ షెడ్డు నడుస్తూనే ఉంది.

మరుసటి ఏడాది మళ్ళీ పోటీ అని పేపర్లో పడింది. నేను షెడ్డుకి వెళ్ళి, మా ల్యాండ్‌మాస్టర్ బానెట్ మీద కుడిచెయ్యి పెట్టి, పదిమంది మెకానిక్కుల సమక్షంలో ప్రమాణం చేశాను. "మా తాతయ్య మీద ఒట్టు, మా నానమ్మ మరచెంబు మీద ఒట్టు. అట్టా కలమూ పట్టుకున్న ఏ జడ్జి ముందైనా ఇక జన్మలో నోరు తెరవను. తెరవాల్సినచోట మూయను. అసలు తెరవాలో మూయాలో తేల్చుకోవాల్సిన చోటికి రానే రాను. ఈసారి మీరొక్కరే వెళ్ళండి మస్తాన్‌గారూ!"

మస్తాన్‌గారు కంగారుగా సుత్తి కిందపెట్టేశారు.

"అట్టా అనకండి అమ్మాయిగారూ! మీరు రాకపోతే మనకి కప్పు వచ్చేస్తది. కప్పొస్తే పేరు కంపెనీకి పోద్ది. మళ్ళీ నేను గుంటూరు పోవాలా?"